ఇంపార్టెంట్ (తెలుగు వాడుక)

ఇంపార్టెంట్: తెలుగువారి నోట స్థిరపడిన ఇంగ్లిష్ విశేషణం. ముఖ్యం, ప్రధానం అనేవి నిఘంటువు అర్థాలు. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న కోచింగ్ సెంటర్లలో, హాస్టళ్లలో మాత్రం పరీక్షలో వచ్చేదే ఇంపార్టెంట్.

లాటిన్‌లో 'ఇంపోర్టారే' అంటే లోపలికి మోసుకురావడం. దిగుమతిని చెప్పే 'ఇంపోర్ట్' కూడా అక్కడ పుట్టిందే. మధ్యయుగాల్లో ఆ లాటిన్ మాటకు లెక్కలోకి రావడం, ఫలితం చూపడం అనే అర్థాలు చేరాయి. అలా పుట్టిన 'ఇంపార్టెంట్' ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. షేక్‌స్పియర్ కాలంలో వెంటపడి సతాయించేవాణ్ని కూడా ఇదే మాటతో వర్ణించేవారు. తర్వాత ఆ అర్థం పోయింది.

తెలుగు విద్యార్థులు ఈ విశేషణాన్ని నామవాచకం చేసుకున్నారు. "సార్ ఇంపార్టెంట్లు చెప్పారా?" అని అడిగితే చదవాల్సిన ప్రశ్నలని అర్థం. నోట్సు అంచున 'ఇంప్' అని రాస్తారు. ఇంకా గట్టిదైతే 'వి.ఇంప్', పక్కన నక్షత్రం గుర్తు. ఇంటర్ ఫిజిక్స్‌లో 8 మార్కుల ప్రశ్నలకు ఈ నక్షత్రాలు ఎక్కువ. పాఠానికి ఇది మేలు చేసిందని చెప్పలేం, గుర్తు లేని పేజీని తిప్పేయడం అలవాటైంది.

విజయవాడ, సాగర్ రోడ్ల మీదుగా నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో దిగే గ్రూప్స్ (ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల) అభ్యర్థులకు 2014 తర్వాత ఈ ఇంపార్టెంట్ల జాబితాయే మారిపోయింది. ఆ ఏడాదే తెలంగాణ రాష్ట్రం, దాని పబ్లిక్ సర్వీస్ కమిషన్ టీఎస్‌పీఎస్సీ ఏర్పడ్డాయి. కొత్త గ్రూప్-2 సిలబస్‌లో 150 మార్కుల పేపర్ ఒకటి పూర్తిగా తెలంగాణ ఉద్యమానికి, రాష్ట్ర ఆవిర్భావానికి దక్కింది. దాంతో ముల్కీ నిబంధనలు, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం 'వి.ఇంప్' అయ్యాయి. తాతలు అనుభవించిన సంగతులను మనవలు బిట్లుగా చదవసాగారు.

'ఇంపార్టెన్స్' దారి వేరు, అది మనుషులకు సంబంధించింది. "మాకు ఇంపార్టెన్స్ ఇవ్వలేదు" అని పెళ్లింట్లో అలిగిన బంధువు అడుగుతున్నది మర్యాద. పత్రికలు ఇలాంటి చోట 'ప్రాధాన్యం' అని రాస్తాయి గానీ, అలిగినవాళ్లు ఆ మాట వాడరు. 'వీఐపీ'లో నడిమి అక్షరం కూడా ఇంపార్టెంటే. తిరుమలలో వీఐపీ బ్రేక్ దర్శనం గురించి అడిగే భక్తులకు ఆ సంగతి పట్టదు.