తైలపీడనపు సాక్షులు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, ఎల్.బి. నగరు దాటి మాసబ్ చెరువు సమీపించువేళకు తుర్కయాంజాల్ వచ్చును; అక్కడినుండి ఇబ్రహీంపట్నము వైపు సాగుకొలదిని జేసీబీలును, ప్రొక్లెయినులును, టిప్పర్లును కిరాయికై బాట ప్రక్కన నిలిచియుండుట నేడు పరిపాటియైనది. మట్టిపని ఈ సీమకు క్రొత్త కాదు. కుతుబ్‌షాహీల కాలపుదని చెప్పబడు ఇబ్రహీంపట్నము పెద్ద చెరువు కట్ట పారకును, గడ్డపారకును, తట్టకును పుట్టినదే. అంతయేల, ఈ బాట చివరనున్న సాగరము సైతము, 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినది మొదలు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుచువరకు, ప్రధానముగా మనుష్యహస్తములు పేర్చిన రాతికట్టడమే. 124 మీటర్ల ఎత్తు గల ఆనకట్టను కాంక్రీటుతో గాక రాతితో కట్ట నిశ్చయించుటలో వేలకొలది కూలీలకు పని దొరకవలెనను తలంపు కూడ ఉండెను.

యంత్రములు మెల్లగా వచ్చినవి. ద్వితీయ ప్రపంచ సంగ్రామానంతరము అమెరికా సైన్యము విడిచిపోయిన ట్రాక్టర్లతో కొన్ని బీళ్లు సాగులోనికి వచ్చినవి. 1964లో బెంగుళూరున భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ వెలసినది. 1979లో జేసీబీ మన దేశమున అడుగిడినది. పిమ్మట నగరము నలుదిక్కుల పెరిగి, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ ప్రాంతము మీదుగా చుట్టి వచ్చి, పొలములు ప్లాట్లుగా మారుచుండగా, ఈ యంత్రములకు తుర్కయాంజాల్ పరిసరములు ఒక విడిదియైనవి. యంత్రమున్నచోట మెకానిక్కు ఉండక తప్పదు. ఆ మెకానిక్కు చరిత్రలో నాకు మిక్కిలి ఆసక్తి గొల్పినది ఒక చిన్న వస్తువు: ఇంజనులోని తైలపీడనమును కొలిచి చెప్పునది.

పీడనము పంపు పుట్టించునదని సామాన్యులు తలంతురు. పంపు నూనెను త్రోయును, అంతే. క్రాంకుకును బేరింగునకును నడుమ గల వెండ్రుకవాసి సందులలో ఆ నూనె యిరుకుకొని పోవలసివచ్చుటచేత పీడనమేర్పడును. బేరింగు అరిగి సందు పెరిగిన, నూనె సులువుగా జారిపోయి పీడనము పడిపోవును. ఆ పతనము ఇంజను కాగి, నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు మొదట బయటపడును. కావుననే వృద్ధ మెకానిక్కులు ఉదయపు చల్లని ఇంజను చూపు లెక్కను నమ్మక, మధ్యాహ్నము వేడెక్కిన పిదప ముల్లు ఎచ్చట నిలుచునో చూచి తీర్పు చెప్పెడివారు.

ఆ ముల్లు యూజెన్ బూర్డాన్ అను ఫ్రెంచివాని ప్రసాదము. వంచిన చదును లోహనాళములో పీడనము పెరిగినచో నాళము చక్కనగుటకు యత్నించును. ఆ యత్నమే ముల్లును త్రిప్పును. 1849లో అతడు పేటెంటు పొందిన ఈ సూత్రముతోనే తొలినాటి డోజర్ల మీటర్లు పనిచేసినవి. ఇంజను నుండి సన్నని గొట్టమొకటి ఆపరేటరు ముందటి పలకవరకు వచ్చును. నూనెయే స్వయముగా వచ్చి తన సంగతి చెప్పుకొనును. అదురుటచేత గొట్టము పగిలి కాగిన నూనె మోకాళ్లపై చిమ్ముట దానికి గల దోషము. అయినను అది అబద్ధమాడుట అరుదు.

తరువాత ఎర్రదీపము వచ్చెను. పీడనము మిక్కిలి తగ్గినప్పుడు స్విచ్చు మూసుకొని దీపమును వెలిగించును. అల్పవ్యయము, గొట్టము బాధ లేదు. కాని తీగ తెగినచో దీపము వెలుగనే వెలుగదు, వెలుగని దీపమును క్షేమమునకు గుర్తుగా ఎంచి మనుష్యుడు ఇంజను తిప్పుచునే యుండును. తాళము త్రిప్పినంతనే, ఇంజను లేవకమునుపే, దీపము వెలుగవలెనను నియమము ఇందుకే ఏర్పడినది. ఆ ఒక్క క్షణమును చూచువారెందరు?

నేటి సెన్సరు ఆ మౌనదోషమును సవరించుటకు పుట్టినదని నా అభిప్రాయము. దానికి మూడు తీగలు: ఐదు వోల్టుల సరఫరా, భూమి, సంకేతము. సంకేతము సాధారణముగా 0.5 మొదలు 4.5 వోల్టుల నడుమ తిరుగును. రెండు చివరలను బుద్ధిపూర్వకముగా ఖాళీగా విడిచిరి. తీగ తెగినను, భూమికి తగిలినను సంకేతము ఆ ఖాళీ చోటునకు పోవును. కంప్యూటరు వెంటనే అది పీడనము కాదు, తీగ దోషమని గ్రహించును. భారీ యంత్రముల కంప్యూటర్లు దోషములను తెలుపు జె1939 అను కోడుల పద్ధతిలో ఎస్‌పీఎన్ 100 అనగా ఇంజను తైలపీడనము. దానితో 3 లేక 4 అను సంఖ్య వచ్చిన వోల్టేజి హద్దు మీరినదనియు, 1 వచ్చిన పీడనమే ప్రమాదకరముగా పడిపోయినదనియు అర్థము. 2021 ఏప్రిల్ నుండి నిర్మాణ యంత్రములకు నాలుగవ దశ ఉద్గార నియమములు వచ్చుటతో కంప్యూటరు గల ఇంజనులు మరింత ప్రబలినవి. ఇట్టి యంత్రములలో సెన్సరు చెప్పిన మాటను బట్టి ఇంజను తన బలమును తానే తగ్గించుకొనుట, ఆగిపోవుట కూడ కలదు. బాట ప్రక్క షెడ్డులో మొదటి ప్రశ్న మారిపోయినది: ఇంజను చెడినదా అని గాక, సాక్షి అబద్ధమాడుచున్నదా అని అడుగవలసివచ్చినది.

అనుభవశాలియగు మెకానిక్కు మొదట డిప్‌స్టిక్కు తీసి నూనె మట్టమును చూచును, వ్రేళ్ల నడుమ రాచి డీజిలు కలిసి పలుచబడినదేమో వాసన చూచును. పిదప సెన్సరు కప్లరును ఊడదీయును. లోపలి పిన్నులు నూనెతో తడిసియున్నచో సెన్సరు పొర చీలినదన్నమాట. కొన్నిచోట్ల ఆ నూనె తీగల వెంట ప్రాకి మూరెడు దూరమున మరొక కప్లరును సైతము తడుపును. మీటరు పట్టి ఐదు వోల్టులు వచ్చుచున్నవో లేదో చూచును. రాకున్నచో సెన్సరును నిందింపదగదు. కొన్ని ఇంజనులలో ఆ సరఫరానే ఇతర సెన్సర్లును పంచుకొనును, వానిలో ఎచ్చటనో ఒకటి భూమికి తగిలి అందరి నోళ్లు మూసియుండును. ఒక్కొక్క కప్లరును ఊడదీయుచు, దేనిని తీసినప్పుడు ఐదు వోల్టులు మరల వచ్చునో కనిపెట్టుట ఓర్పుగల పని. కంకర క్రషర్ల దుమ్ములోను, అదురుటలోను తీగల తొడుగు ఒరసికొని పోవు యంత్రములకు ఇది నిత్యకృత్యము.

హద్దులోపల నిలిచి అబద్ధమాడు సెన్సరు వీటన్నిటికంటె కష్టమైనది. దానికి ఏ కోడును రాదు. అప్పుడు సెన్సరును విప్పి, ఆ రంధ్రమునకే మరలు సరిపడు బూర్డాన్ గేజిని బిగించి ఇంజను నడుపుదురు. సుమారు నూట డెబ్బదియేండ్ల నాటి సూత్రమే అంతిమ న్యాయాధిపతి యగును. కాగిన ఇంజను గేజి మీద కంపెనీ చెప్పిన లెక్కను చూపినచో సెన్సరును మార్చుదురు. అందును ముల్లు క్రుంగినచో సంపు దింపి బేరింగు చిప్పలను చూడవలసినదే, యజమాని ఎంత గొణిగినను.

ఇక కొందరు దుర్బుద్ధులు సెన్సరు స్థానమున ఒక రెసిస్టరును తగిలించి, ఎల్లప్పుడు మంచి పీడనమే కనబడునట్లు చేసి పాత యంత్రమును అమ్ముదురు. దీనిని నేను చౌర్యమనియే అందును. కొనువాడు ఇంజనును ఆపించి, తాళమును మాత్రము త్రిప్పించి తెరను చూడవలెను. ఆగియున్న ఇంజనులో మూడు కిలోల పీడనము కనబడినచో బేరము విడిచి రావచ్చును.