కంటి కటకం నుంచి మూత్రపిండం దాకా: ఒక పరిశోధకుడి ప్రచురణల వరుస

పసుపులేటి అనిల్ కుమార్ ఇప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయం బయోకెమిస్ట్రీ విభాగంలో షుగర్ వల్ల మూత్రపిండాలు ఎలా పాడవుతాయో పరిశోధిస్తున్నారు. ఆయన ప్రచురణలను ఏళ్ల వరుసలో చదివితే మాత్రం ముందు తగిలేది కన్ను. తొలినాళ్ల పని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో, జి. భానుప్రకాశ్ రెడ్డి బృందంతో సాగింది.

ఆ బృందానికి వంటింటి దినుసులంటే ఆసక్తి. షుగర్ తెప్పించిన ఎలుకల మేతలో పసుపు కలిపితే కంటిలో శుక్లం ఆలస్యంగా వచ్చిందని 2005లో రాశారు. జీలకర్రతోనూ శుక్లం ఆలస్యమైందని 2009లో వచ్చిన వ్యాసంలో అనిల్ కుమార్ సహరచయిత. అయితే ‘ఎంత తింటే అంత మేలు’ అనుకోవడానికి లేదు. 2003లో ఇదే ప్రయోగశాల గెలాక్టోజ్ అనే చక్కెర తినిపించిన ఎలుకలకు పసుపులోని కర్కుమిన్ ఇచ్చి చూసింది. మేతలో 0.002 శాతం కలిపితే శుక్లం నెమ్మదించింది. 0.015 శాతానికి పెంచితే ముదరడం ఇంకా వేగమైంది.

కంటికీ మూత్రపిండానికీ లంకె ఎక్కడ?

రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే, ఏ ఎంజైము సాయమూ లేకుండానే అది ప్రోటీన్లకు అంటుకుపోతుంది. దీన్నే గ్లైకేషన్ అంటారు. ఎప్పటికప్పుడు కొత్తవి తయారయ్యే చోట ఈ నష్టం కొంత సర్దుకుంటుంది. కంటి కటకంలోని ప్రోటీన్లు మాత్రం దాదాపు జీవితాంతం ఉండేవే. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే పోడోసైట్ కణాలదీ ఇంచుమించు అదే పరిస్థితి: అవి సాధారణంగా విభజన చెందవు, రాలిపోయినదాని చోటు సులువుగా నిండదు. వడపోత సందుల్ని కాపాడే ఈ కణాలు తగ్గితే రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో రామ్ కె. మీనన్ బృందం, పోడోసైట్ మీద గ్రోత్ హార్మోన్ నేరుగా పనిచేస్తుందని 2007లోనే చూపింది. అదే బృందం నుంచి 2010లో అనిల్ కుమార్ మొదటి రచయితగా ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో వ్యాసం వచ్చింది. గ్రోత్ హార్మోన్ తగిలితే పోడోసైట్‌లో జెబ్2 అనే ప్రోటీన్ పెరుగుతుంది, కణాలను అతికి ఉంచే క్యాడ్‌హెరిన్లు తగ్గుతాయి, ఆల్బుమిన్ కారుతుంది అన్నది అందులోని సారం.

పాత దారీ కొత్త దారీ 2016లో కలిశాయి. గ్లైకేషన్‌లో పుట్టే కార్బాక్సీమిథైల్ లైసిన్ కూడా పోడోసైట్‌లో జెబ్2నే రేపుతుందని భానుప్రకాశ్ రెడ్డితో కలిసి రాశారు. 2019లో పోడోసైట్‌లో నాచ్1 అనే కణ సంకేతం, 2021లో విభజనకు పూనుకుని మధ్యలోనే చచ్చిపోయే పోడోసైట్లు: ఈ రెండూ గ్రోత్ హార్మోన్ కథకు హైదరాబాద్ నుంచి వచ్చిన కొనసాగింపులు.

ఈ సాక్ష్యంలో చాలాభాగం ప్రయోగశాలలో పెంచిన కణాలదీ, ఎలుకలదీ. దాల్చినచెక్క ఎలుకల మూత్రపిండానికి మేలు చేసిందని 2014లో ఇదే బృందాల వ్యాసం చెప్పింది. అంతమాత్రాన డాక్టర్ రాసిన మందు మాని చెక్కపొడి పట్టుకోవడం కుదరదు. మనుషుల మీద పెద్ద ట్రయల్స్‌లో నెగ్గిన మందుల దారి వేరు. 2019లో వెలువడిన క్రెడెన్స్ ట్రయల్‌లో కనాగ్లిఫ్లోజిన్ అనే మందు, షుగర్‌తో మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో కిడ్నీ వైఫల్యం ముప్పును తగ్గించింది.

నల్లమల అంచున ఉన్న లింగాల లాంటి మండలంలో ఈ పరిశోధన పనికొచ్చేది మరోచోట. ముప్పై ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ కార్యక్రమం కింద బీపీ, షుగర్ పరీక్షలు జరుగుతాయి. షుగర్ ఉందని తేలినవారికి మూత్రపిండం సంగతీ చూడాలి. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేసరికి మూత్రపిండం పనితనం చాలావరకు పోయి ఉండవచ్చు. ఆల్బుమిన్ తరచు అంతకంటే ముందే మూత్రంలో కనిపిస్తుంది. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే అది హెచ్చరిక. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారైనా ఈ మూత్ర పరీక్ష చేయించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.