కుమారదేవం సినిమా చెట్టు

కోనసీమకు ఎగువన, తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు మండలం కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరు వృక్షం. దీని వయసు సుమారు 150 ఏళ్లని స్థానికులు చెబుతారు. దీని కింద తీసిన సినిమాలు ఎన్నో. దర్శకుడు వంశీకి ఇది మరీ ఇష్టమైన చోటు. సినిమా చెట్టు అని పేరు పెట్టింది ప్రభుత్వం కాదు, జనమే.

నిద్రగన్నేరు మన నేల చెట్టు కాదు, అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది. పొద్దు వాలగానే ఆకులు జతలు జతలుగా ముడుచుకుంటాయి, మబ్బు పట్టినా అంతే. గొడుగులా పరుచుకునే ఆ కొమ్మల నీడే కెమెరాలను రప్పించింది.

2024 ఆగస్టు 5న, గోదావరి వరద రోజుల్లో చెట్టు కూలింది. చూడ్డానికి జనం బారులు తీరారు. మనిషి పోయినట్టే బాధపడ్డారు. తర్వాత మొదలును బతికించే ప్రయత్నాలు జరిగాయి, చిగుళ్లు కూడా వచ్చాయి.

చెట్టుకు వైద్యం తెలుగువారికి కొత్త కాదు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు.