స్టార్ ఎవరిది, పువ్వు ఎవరిది, డోలు ఎవరిది?

పోస్టు కాస్త పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

డిసెంబర్ వచ్చిందంటే మన హాస్టళ్లలో ఒక గొడవ మొదలవుతుంది. చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలు వరండాలో స్టార్ కడతారు. "ఇది తెల్లోళ్ల పండగ, ఆదివాసులకి దీంతో ఏం పని?" అని కొందరు అంటారు. సంక్రాంతి సెలవులకి ముందు డోలు తీసి ధింసా ఆడదామంటే "మా చర్చిలో ఒప్పుకోరు, అది పాత దేవుళ్లది" అని ఇంకొందరు పక్కకి పోతారు. ఒకే గదిలో పడుకుని, ఒకే వరసలో కూర్చుని తినేవాళ్లం, ఈ రెండు నెలలూ మొహాలు తిప్పుకుని తిరుగుతాం.

నేను డిగ్రీలో చరిత్ర చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. చదివిన చదువు ఇలాంటి చోట పనికిరాకపోతే ఇంకెక్కడ పనికొస్తుంది అనిపించింది. అందుకే ఎవరి దేవుడు గొప్ప అన్న మాట పక్కన పెట్టి, మూడు ప్రశ్నలు వేసుకున్నాను. క్రిస్మస్‌కి కట్టే వస్తువులు ఎవరి చేతుల్లో పుట్టాయి? ఎలా చేతులు మారాయి? మారినప్పుడు ఇచ్చినవాళ్లకి ఏం మిగిలింది?

ముందు ఒక సంగతి. ఇప్పుడు మనం చూసే అలంకారాల్లో చాలావరకు బైబిల్లో లేవు. క్రిస్మస్ చెట్టు సుమారు 500 ఏళ్ల కింద జర్మన్ మాట్లాడే ఊళ్ల అలవాటు. ఇంగ్లండ్‌లో ఇంటింటికీ పాకింది 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక పత్రికలో అచ్చయిన తర్వాతే. పశువుల పాక కట్టడం 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో ఫ్రాన్సిస్ అనే సన్యాసి చేసిన దాన్నుంచి బాగా వ్యాపించింది. ఆయన బొమ్మలు పెట్టలేదు. నిజం ఎద్దునీ, గాడిదనీ, గడ్డినీ తెచ్చి పెట్టాడు. అంటే "తెల్లోళ్ల పండగ" అని మనం ఒక్క ముద్ద చేసి అంటున్నది కూడా, ఒక్కో ఊరివాళ్లు ఒక్కోటి తెచ్చి కలిపినదే.

ఇక నాలుగు వస్తువుల కథ చెప్తాను.

1. హాస్టల్ పిల్లల స్టార్

జర్మనీలో మొరేవియన్లు అనే చిన్న క్రైస్తవ సమూహం ఉంది. వాళ్ల పెద్దలు మతం పేరుతో బాధలు పడి, సొంత ఊళ్లు వదిలి పారిపోయి వచ్చినవాళ్లు. 1722లో సాక్సనీలో ఒక జమీందారు భూమి ఇస్తే అక్కడ హెర్న్‌హూట్ అనే ఊరు కట్టుకున్నారు. వాళ్లలో చాలామంది దూర దేశాలకి మిషనరీలుగా వెళ్లేవారు. పిల్లల్ని మాత్రం బోర్డింగ్ స్కూళ్లలో పెట్టేవారు.

అలాంటి ఒక మగపిల్లల బోర్డింగ్ స్కూల్ నీస్కీ అనే ఊళ్లో ఉండేది. 1830ల్లో అక్కడ లెక్కల పాఠంలో భాగంగా, రేఖాగణితం అర్థం కావడానికి, కాగితంతో కోణాలు మడిచి, అతికించి నక్షత్రం చేయించారు. అన్ని వైపులా ముళ్లలాగా కొనలు పొడుచుకొచ్చిన నక్షత్రం అది. క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాలు మొదలయ్యే ఆదివారం నాడు పిల్లలు వాటిని గదుల్లో వేలాడదీసేవారు. తర్వాత అదే స్కూల్లో చదివిన ఒకాయన అమ్మకానికి చేయడం మొదలుపెట్టాడు. ఈ రోజుకీ హెర్న్‌హూట్‌లో వాటిని చేత్తోనే చేస్తున్నారు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ స్టార్ చేసింది రాజులు కాదు, దొరలు కాదు. అమ్మానాన్నలకి దూరంగా హాస్టల్లో ఉన్న పిల్లలు. ఊళ్లోంచి వెళ్లగొట్టబడ్డవాళ్ల మనవలు. మన సంగతి కూడా అంతే కదా. "పరాయిది" అనే ముందు దాన్ని మొదట మడిచిన చేతులు ఎవరివో ఒకసారి తలుచుకోవాలి.

2. వెదురు లాంతరు

ఫిలిప్పీన్స్ దీవుల్ని 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ ఏలింది. క్రైస్తవం అలా వచ్చింది. అక్కడ డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లారకముందే చర్చిలో ప్రార్థన జరుగుతుంది. పొలం పనికి పోయేవాళ్లు పనికి ముందే వచ్చి వెళ్లడానికి ఆ వేళ పెట్టారు. చీకట్లో నడవడానికి వెలుగు కావాలి. అందుకని వెదురు బద్దలతో చట్రం కట్టి, పల్చటి కాగితం అతికించి, లోపల దీపం పెట్టుకుని నడిచేవారు. దాని పేరు పరోల్. లాంతరుకి స్పానిష్ మాట ఫరోల్, అది వాళ్ల నోట్లో పరోల్ అయ్యింది. ఇప్పుడు ఆ లాంతరు నక్షత్రం ఆకారంలో ఇంటింటి ముందూ వేలాడుతుంది. సాన్ ఫెర్నాండో అనే పట్నంలో ఇంటి ఎత్తు దాటే లాంతర్లతో పోటీలు కూడా పెడతారు.

ప్రార్థన అయ్యాక చర్చి బయట తినే తిండి ఏంటో తెలుసా? అరటాకు వేసి కాల్చిన బియ్యప్పిండి రొట్టె. ఇంకోటి, వెదురు గొట్టంలో ఆవిరి మీద ఉడికించిన ఊదారంగు బియ్యం పిట్టు. బొంగులో వంట మనకి కొత్తా చెప్పండి! పండగ బయటి నుంచి వచ్చింది. కానీ వెదురు వాళ్లది, బియ్యం వాళ్లది, తెల్లవారుజామున పొలానికి పోయే బతుకు వాళ్లది. వచ్చిన పండగని వాళ్లు తమ చేతిపనిలోకి వంచుకున్నారు.

3. పేరు పోయిన పువ్వు

క్రిస్మస్ కార్డుల మీద ఎర్రటి పెద్ద రేకుల పువ్వు చూసే ఉంటారు. నర్సరీల్లో కుండీల్లో పెట్టి అమ్ముతారు. నిజానికి ఆ ఎర్రవి రేకులు కాదు, ఆకులు. అసలు పువ్వు మధ్యలో ఉండే పసుపు బొడిపెలు.

ఆ మొక్క మెక్సికోది. అక్కడి నహువా ఆదివాసులు దాన్ని క్వెత్లషోచిత్ల్ అన్నారు. ఆ ఎర్ర ఆకుల నుంచి రంగు తీసేవారు, పాలని జ్వరానికి మందుగా వాడేవారు. 1600ల్లో టాస్కో ప్రాంతంలోని క్రైస్తవ సన్యాసులు, అది సరిగ్గా డిసెంబర్‌లోనే ఎర్రబడుతుందని, క్రిస్మస్ ఊరేగింపుల్లో వాడడం మొదలుపెట్టారు. ఇప్పటికీ మెక్సికోలో దాన్ని క్రిస్మస్ ముందు రాత్రి పువ్వు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

1820ల్లో మెక్సికోలో అమెరికా తరఫు రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ ఆ మొక్కని తన దేశానికి పంపించాడు. దాంతో ప్రపంచమంతటా దాని పేరు పాయిన్‌సెట్టియా అయిపోయింది. వందల ఏళ్లు పెంచి, రంగు తీసి, మందు చేసిన మనుషుల మాట పోయి, పట్టుకెళ్లినవాడి పేరు నిలిచింది.

ఇంకా ఉంది. అదే పాయిన్‌సెట్ 1837 నుంచి 1841 దాకా అమెరికా యుద్ధ శాఖ మంత్రి. చెరోకీ అనే ఆదివాసీ జాతిని సొంత నేల నుంచి సైన్యంతో తరిమి, వందల మైళ్లు పడమటికి నడిపించింది ఆ కాలంలోనే, 1838, 1839ల్లో. చలికి, ఆకలికి, జబ్బులకి దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా. ఆ దారిని కన్నీళ్ల దారి అంటారు. పోలవరం ముంపు ఊళ్ల నుంచి వచ్చిన మన తమ్ముళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఫిలిప్పీన్స్ లాంతరుకీ, ఈ పువ్వుకీ తేడా చూడండి. రెండూ విదేశీ పాలన చూసిన నేలలే. కానీ లాంతరు చేసేవాళ్ల చేతుల్లో మిగిలింది. పువ్వు పెంచినవాళ్ల పేరు నుంచి జారిపోయింది. మొదటిదాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అనొచ్చు. రెండోదాన్ని పట్టుకుపోవడం అనాలి.

4. వెళ్లిపోయి తిరిగొచ్చిన డోలు

ఇది మనకి అన్నిటికన్నా దగ్గరి కథ. 1894 జనవరి 11న లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు మిజో కొండలకి వచ్చారు. మిజో భాషకి అక్షరాలు కూర్చారు. అది పెద్ద మేలు, కాదనలేం. కానీ తర్వాత మిషన్ పెరిగేకొద్దీ మిజోల డోలు చర్చి బయటే ఉండిపోయింది. దాన్ని ఖువాంగ్ అంటారు. పాత పండగల్లో, బియ్యపు సారా విందుల్లో మోగేది కాబట్టి అది పనికిరాదన్నారు. పాత పండగ చప్చార్ కుట్ కూడా వెనకబడిపోయింది.

అయితే మిజోలు ఊరుకోలేదు. గొడవపడలేదు కూడా. 1919లో వాళ్ల చర్చిల్లో పెద్ద ఆధ్యాత్మిక ఉద్వేగం వచ్చింది. ఆ రోజుల్లో డోలు చర్చి లోపలికి వచ్చేసింది. మిషనరీలు నేర్పిన బాణీలతో తృప్తిపడక, సొంత గొంతులో, సొంత సాగతీతతో, డోలు దెబ్బకి గుండ్రంగా కదులుతూ పాడే పాటలు పుట్టాయి. క్రిస్మస్ రాత్రుల్లో మిజోలు ఇప్పటికీ అలా గుమిగూడి పాడతారు. పాటలతో పాటు ఊరుమ్మడి విందు ఉంటుంది. దాన్ని రువాయ్ అంటారు. కుర్రాళ్లు వండుతారు, ఊరంతా ఒక్కచోట కూర్చుని తింటుంది. పూర్వం కలిగినవాళ్లు ఊరందరికీ విందు పెట్టి పేరు తెచ్చుకునే ఆచారం మిజోల్లో ఉండేది. విందు పెట్టే చేయి మారింది. కలిసి తినడం మారలేదు.

2011 లెక్కల ప్రకారం మిజోరంలో 87 శాతం క్రైస్తవులే. అయినా 1973 నుంచి చప్చార్ కుట్‌ని మళ్లీ పెద్ద ఎత్తున చేసుకుంటున్నారు. డిసెంబర్‌లో స్టార్ కట్టే ఇంటివాళ్లే మార్చిలో ఆ పండగకి వెదురు కర్రల నాట్యం ఆడతారు. ఒకటి కావాలంటే ఇంకోటి వదిలెయ్యాలని వాళ్లు అనుకోవడం లేదు.

మరి మన సంగతి?

"మన పండగల్లో పరాయి చేయి లేదు" అనేవాళ్లకి ఒక మాట. కేస్లాపూర్ నాగోబా జాతర మెస్రం గోండులది. గోదావరి నీళ్ల కోసం కాలినడకన వెళ్లి తెస్తారు. మరి పూజకి కావలసిన కుండలు? సిరికొండలో కుమ్మరి కుటుంబం చేసిస్తుంది. ఆ కుటుంబం గోండు కాదు. అయినా వాళ్ల చేయి పడకుండా జాతర లేదు. దండారి చూడండి. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి అతిథిగా వెళ్తుంది, ఆ ఊరు అన్నం పెట్టి గౌరవిస్తుంది. గోండులూ ఆడతారు, కొలాములూ ఆడతారు. పంచుకోవడం మనకి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు.

"క్రైస్తవుడైతే ఆదివాసీ కాదు" అనేవాళ్లకి ఇంకో మాట. జైపాల్ సింగ్ ముండా మిషన్ స్కూల్లో చదివిన క్రైస్తవుడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్. రాజ్యాంగ సభలో లేచి నిలబడి, నేను జంగ్లీని అని గర్వంగా చెప్పి, ఆదివాసుల తరఫున మాట్లాడింది ఆయనే. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు ఎక్కడా లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, మన దాంట్లో లేదు. మనల్ని ఆదివాసుల్ని చేసేది మన పుట్టుక, మన నేల, మన మాట, మన బతుకు తీరు. స్టార్ కట్టినంత మాత్రాన అవి పోవు.

అదే నోటితో చర్చికి వెళ్లే నా తోటివాళ్లకీ చెప్పాలి. స్టార్ కడితే ఆదివాసీతనం పోనట్టే, డోలు కొడితే మీ విశ్వాసం కూడా పోదు. మిజోలని చూడండి. కొత్తల పండగకి మీ నాయనమ్మ మొదటి గింజ పక్కన పెట్టి, తర్వాతే నోట్లో వేసుకుంటుంది. ఆ ఆచారానికి పాపం అని పేరు పెట్టే ముందు, పండిన పంటకి దండం పెట్టడం ఏ మతంలో తప్పో ఆలోచించండి. ఎవరైనా "ఇది తీసుకో, కానీ నీది పారెయ్" అన్నారంటే అది పంచుకోవడం కాదు. ఆ మాట పాస్టర్ నోటి నుంచి వచ్చినా, పూజారి నోటి నుంచి వచ్చినా, మన సంఘం నాయకుడి నోటి నుంచి వచ్చినా ఒకటే లెక్క.

నాకు అర్థమైనంతలో కొలత ఒక్కటే. ఒక వస్తువు చేతులు మారాక రెండు చేతులూ నిండుగా ఉంటే అది ఇచ్చిపుచ్చుకోవడం. ఒక చేయి ఖాళీ అయిపోతే ఎక్కడో దోపిడీ జరిగినట్టు.

అందుకని ఈ సెలవులకి ఒక పని పెట్టుకుందాం. ఇంటికి వెళ్లాక అమ్మమ్మనో, నాయనమ్మనో, ఊరి పెద్దనో అడిగి, మీ పండగలో వాడే ఒక్కో వస్తువు పేరు మీ సొంత భాషలో రాసుకోండి. సవర, కోయ, కువి, గోండి, కొలామి, ఏదైనా సరే. అది ఎవరు చేస్తారు, ఏ కర్రతో, ఏ ఆకుతో, ఏ నెలలో అని కూడా రాయండి. చర్చికి వెళ్లే ఇల్లయినా, వెళ్లని ఇల్లయినా రాయండి. పువ్వుని పంచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పేరు మాత్రం మన దగ్గర ఉండాలి.

జోహార్.