లండను పాతరేవుల పునర్నిర్మాణము



రేవు నగరమునకు ముఖద్వారము. ఓడలు వచ్చుచున్నంతకాలము దాని నెల్లరు నాదరింతురు. అవి రాకమానిన పిదప నా తావు పాడుపడిన గిడ్డంగులకును, తుప్పుపట్టిన యంత్రములకును నిలయమగును. అట్టి తావును మరల వసతిగా జేయునపుడు అది యెవరికొఱకను ప్రశ్న పుట్టును. లండను నగరపు తూర్పుదిక్కున థేమ్సునది యొడ్డుననున్న పాతరేవుల చరిత్రము ఈ ప్రశ్నకు జక్కని యుదాహరణము.

పదునెనిమిదవ శతాబ్దాంతమునాటికి థేమ్సునదిలో నోడల రద్దీ మితిమీఱెను. సరకు దించుటకు వారములకొలది వేచియుండవలసి వచ్చెడిది. ఆలోపల దొంగతనములు విస్తారముగా జరిగెడివి. అందుచే వర్తకులు చట్టము చేయించి, ఐల్ ఆఫ్ డాగ్స్ అను పల్లపు నేలను ద్రవ్వించి, చుట్టు నెత్తైన గోడలు గట్టించి, 1802 వ సంవత్సరమున వెస్టిండియా డాకులను దెఱపించిరి. అచట దిగిన పంచదారయు, రమ్మును వెస్టిండీసు దీవులలోని బానిసల చెమటఫలము. 1805లో లండను డాకును, 1806లో ఈస్టిండియా డాకులును వెలసెను.

ఈ కడపటివానితో మన తీరమునకును సంబంధము గలదు. 1611లో మచిలీబందరున వర్తకస్థానము నెలకొల్పిన ఈస్టిండియా కంపెనీవారి వర్తకపు టోడలకొఱకే యవి నిర్మింపబడెను. ఓడలలో బనిచేసిన హిందూదేశపు కళాసీ లనేకులు లండను వీథులలో దిక్కులేక తిరిగెడివారు. అట్టివారికొఱకు 1857లో లైమ్‌హౌసునం దొక వసతిగృహము తెఱవబడెను.

1828లో తెఱవబడిన సెయింట్ కేథరిన్ డాకుల కథ మఱియు శోచనీయము. వానికొఱకు సుమారు 11,000 మంది జనులను వారి యిండ్లనుండి వెడలగొట్టిరి. ఇండ్ల యజమానులకు బరిహారము లభించెను. అద్దెకున్న పేదలకు జిల్లిగవ్వయైన దక్కలేదు. రేవు కట్టునపుడు కలిగిన యీ యన్యాయమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

రేవుకూలీల బ్రదుకు దినదినగండము. ప్రతియుదయమును ద్వారముకడ గుంపుగూడి, మేస్త్రీ చూపు తమపై బడునా యని యెదురుచూచెడివారు. పిలుపందినవానికి నాటికి గూడు; అందనివానికి బస్తు. 1889లో వారు గంటకు ఆరు పెన్నీల కూలియు, పిలిచినచో గనీసము నాలుగు గంటల పనియు గోరి సమ్మె కట్టిరి. బెన్ టిల్లెట్, జాన్ బర్న్స్ మొదలగువారు నాయకులై నిలిచిరి. ఆస్ట్రేలియాలోని కార్మికులు ధనము పంపి యాదుకొనిరి. సుమారు అయిదు వారముల కా దీనజనులు జయము గాంచిరి.

1940 సెప్టెంబరు 7 వ తేదీన జర్మనుల బాంబులకు రేవులు దగ్ధమైనను మరల గోలుకొనెను. బాంబు చేయలేని పనిని ఇనుపపెట్టె చేసెను. 1956లో అమెరికాలో ఆరంభమైన కంటెయినరు పద్ధతిచే, వందలమంది దినములకొలది మోయు సరకును కొలదిమంది యంత్రసహాయమున గంటలలో దింపగల్గిరి. ఆ పెద్ద యోడలకు లోతైన నీరును, విశాలమైన మైదానమును గావలెను. అవి నది దిగువనున్న టిల్బరీకి దరలిపోయెను. 1967లో ఈస్టిండియా డాకులతో మొదలైన మూసివేత 1981లో రాయల్ డాకులతో ముగిసెను. తండ్రి తాతల నాటి వృత్తి యొక్క తరములో నంతరించెను.

1981లో ఆంగ్లప్రభుత్వము డాక్‌లాండ్స్ అభివృద్ధి సంస్థను నెలకొల్పి, సుమారు 22 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును దాని కప్పగించెను. స్థానిక పురపాలకసభల నిర్మాణాధికారములు ఆ సంస్థకు సంక్రమించెను. 1982లో ఐల్ ఆఫ్ డాగ్స్‌న పన్నుల మినహాయింపు లొసగిరి. 1987లో తేలిక రైలుమార్గము నడిచెను. కేనరీవార్ఫున 235 మీటర్ల గోపురము 1991లో బూర్తియయ్యెను గాని, దానిని గట్టించిన ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ మఱుసటియేడే దివాలా తీసెను. సంస్థ 1998లో ముగిసెను. 1999లో జూబిలీ రైలుమార్గమును, 2022లో ఎలిజబెత్ మార్గమును జేరుటతో నా ప్రదేశము లక్షమందికి బైగా పనిచేయగల వర్తకకేంద్రముగా స్థిరపడెను.

ఇది సామాన్యమగు ఘనకార్యము గాదు. బీడు సంపద్భూమి యయ్యెను. అయిన నా పను లెవ్వరికి లభించెను? లెక్కలు, న్యాయశాస్త్రము, బ్యాంకువ్యవహారము నేర్చినవారికి. బస్తాలు మోసి భుజములు కాయలుగాచినవారికి గాదు. 1983లో రాయల్ డాకులవారు తమకు వలసిన యిండ్లు, పనులు, పాఠశాలలు నివియని ప్రజాప్రణాళిక నొకదానిని సిద్ధపఱచిరి. అది యాదరింపబడలేదు; 1987లో అచట విమానాశ్రయము తెఱవబడెను. 1828లో జనులను దఱిమిరి. 1981 తర్వాత దఱుమకయే, వారి మాటకు విలువ లేకుండ జేసిరి. రెంటికిని భేదము కొంచెమే.

ఒక మంచిపని మాత్రము చెప్పదగినది. వెస్టిండియా డాకుల పాతగిడ్డంగిలో 2003లో రేవుల చరిత్రమును జూపు ప్రదర్శనశాల వెలసెను. దాని ముంగిట నుండిన రాబర్ట్ మిల్లిగన్ విగ్రహమును, అతడు బానిసల యజమాని యగుటచే, 2020లో దొలగించిరి. చరిత్రము గోడలలోనే గాక లోకుల మనస్సాక్షిలోను నిలుచునని యిందుచే దెలియుచున్నది.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున నావధ్యక్షుడను నధికారిని బేర్కొని, పన్ను వసూలు చేయుటతోపాటు, గాలివానకు జిక్కిన నావలయెడ దయ జూపుటయు వాని ధర్మముగా విధించెను. రాబడియు, గరుణయు నొక్క చేతిలోనే యుండవలెనని తాత్పర్యము. ఓడకు జెల్లిన యీ ధర్మము ఓడను మోసిన మనుజునకు జెల్లకుండునా?

కావున, దాతలారా, బాంధవులారా! ఏ యూరనైనను పాతరేవో, పాతమిల్లో, పాతబజారో మరల గట్టబడునపుడు మూడు విషయములు విచారింపవలయును. అచట నివసించువారు ఆలోచనసభలో గూర్చుండిరా? వారి బిడ్డలకు రాబోవు పనులకు దగిన విద్య ముందుగా లభించెనా? వారి శ్రమకు గుర్తేదైన మిగిలెనా? ఇందు నడిమిది ప్రభుత్వముకొఱకు వేచియుండ నక్కఱలేనిది. వృత్తి పోయినవాని యింట విద్యాదీపము వెలిగించుటకు మనవంటి సంఘములే చాలును. ఆ పుణ్యమున మీరెల్లరు బాలుగొందురుగాక.