ఆంగ్లక్రియల వెంట నడచు అవ్యయములు: 'అప్' అను పదముయొక్క అర్థశక్తి

ఆంగ్లమున 'గివ్' అనగా ఇచ్చుట. 'అప్' అనగా పైకి. ఈ రెండును గలసినపుడు పైకి ఇచ్చుట కావలసినచోట విడిచిపెట్టుట యెట్లయినదో యెవరును విప్పి చెప్పకపోవుటచేత, మన విద్యార్థులు అట్టి క్రియలను పట్టికలుగా వ్రాసికొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క తెలుగు మాటను కంఠస్థము చేసి, పరీక్ష గడచిన మరునాడే మరచిపోవుచున్నారు. క్రియను మాత్రమే చూపి, దాని వెనుక నిలిచిన చిన్న పదమును విస్మరించు బోధనపద్ధతియే ఈ మరపునకు మూలము. ఆ చిన్న పదమునకు తనదైన అర్థశక్తి కలదనియు, దానిని గుర్తించుటకు వలయు సాధనము మన సంస్కృతాంధ్ర భాషల యందే సిద్ధముగా నున్నదనియు నా అభిప్రాయము.

ఈ ప్రయోగములు పరభాషీయులకు దుర్గ్రహములను సంగతిని ఆంగ్లేయులే యెరిగియుండిరి. 1755లో వెలువడిన తన మహానిఘంటువు పీఠికయందు సామ్యూల్ జాన్సన్, క్రియకు అవ్యయము చేరి అర్థమును మార్చివేయు పలుకుబళ్లే పరదేశీయులను మిక్కిలి చిక్కులబెట్టునవని చెప్పి, వానిని శ్రద్ధతో సేకరించితిననియు, తన దృష్టికి రాక తప్పిపోయినవానిని గ్రంథములోనివానితో పోల్చి సులభముగా తెలిసికొనవచ్చుననియు విన్నవించెను. ఈ తుదిమాట విలువైనది. పోల్చిన తెలియుననుటలోనే, ఆ కలయికలయందొక క్రమము కలదను విశ్వాసము ఇమిడియున్నది. ప్రతి కలయికయు యాదృచ్ఛికమే యైనచో పోలికవలన ప్రయోజనమేమి? వీనికి 'ఫ్రేజల్ వెర్బ్' అను పేరు చాల తరువాతిది. లోగన్ పియర్సల్ స్మిత్ 1925 నాటి 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున దానిని వాడి, అది హెన్రీ బ్రాడ్లీ సూచించినదని తెలిపెను.

ఇట్టి చిన్న పదములకు సొంత అర్థము కలదా లేదా యను వివాదమును జాన్సనునకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే మన నిరుక్తకారుడైన యాస్కుడు నమోదు చేసియున్నాడు. ఉపసర్గలు విడిగా నిలిచినపుడు అర్థమును చెప్పజాలవనియు, నామాఖ్యాతములయందున్న అర్థమును వెలికిదెచ్చుటయే వాని పనియనియు శాకటాయనుని మతము. ఉపసర్గలకు నానావిధములైన సొంత అర్థములు గలవని గార్గ్యుని మతము. యాస్కుడు ఉభయమతములను చెప్పి, పిమ్మట ఒక్కొక్క ఉపసర్గకు అర్థమును నిర్దేశించుటకే పూనుకొనెను. ఒకే హృధాతువునుండి ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము పుట్టుట మన పండితులందరు ఎరిగినదే. కొట్టుటకును తినుటకును నడుమనున్న దూరమును ఒక్క ఉపసర్గ దాటించినపుడు, 'గివ్' ప్రక్కన చేరిన 'అప్' చేసిన పని మనకు వింతగా తోపవలసిన అవసరము లేదు.

స్థానభేదము మాత్రము కలదు. లౌకిక సంస్కృతమున ఉపసర్గ ధాతువునకు ముందు నిలుచును. ఆంగ్లమున అవ్యయము క్రియకు వెనుక నడచును. అయితే ప్రాచీనాంగ్లమునందు గూడ ఇట్టి పదములు పెక్కు క్రియకు ముందే అతుకుకొనియుండెడివి. నేటి 'ఫర్‌గివ్', 'విత్‌స్టాండ్', 'అండర్‌స్టాండ్' ఆ కాలపు అవశేషములు. వైదికభాషయందు ఉపసర్గ క్రియకు పరమందును, నడుమ వేరుపదము వచ్చినను నిలువవచ్చునని పాణిని ప్రత్యేకముగా విధించెను. 'లుక్ ది వర్డ్ అప్' అను వాక్యమున క్రియకును 'అప్'నకును నడుమ నామము చొచ్చుటను చూచినపుడు, వేదాధ్యయనము చేసినవానికి అది పరిచితమైన దృశ్యమే. నామమునకు మారుగా సర్వనామము వచ్చినచో అది నడుమనే నిలువవలెను: 'లుక్ ఇట్ అప్' అనవలెనే కాని 'లుక్ అప్ ఇట్' అనరాదు. కొండ నెక్కి పరుగిడుటను 'రన్ అప్ ఎ హిల్' అందురు. బాకీ పెంచుటను 'రన్ అప్ ఎ బిల్' అందురు. రెండవదానిలో 'అప్'ను 'బిల్' తరువాతికి జరుపవచ్చును, మొదటిదానిలో జరుపరాదు. ఏలయన కొండకడ నున్న 'అప్' నామమునకు చెందినది, బాకీకడ నున్నది క్రియకు చెందినది.

ఇక 'అప్'నే దగ్గరగా పరిశీలింతము. లేచుట, ఎత్తుట యను తావుల దాని అర్థము స్పష్టమే. కాని 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్' అనుచోట్ల పైకి పోవునది ఏది? దీనికి బిందె సమాధానము చెప్పగలదు. కుళాయిక్రింద నుంచిన బిందెలో నీరు పైకి వచ్చుచుండును. అంచు తాకినపుడు బిందె నిండును. అక్కడ పైకి వచ్చుటయు, పూర్తియగుటయు ఒకే క్షణమున జరుగును. 'ఫిల్ అప్' అను మాటలో ఈ రెండర్థములును విడదీయరానివై యున్నవి. దిక్కును తెలుపు పదము పూర్తిని తెలుపు పదముగా మారుటకు ఇట్టి తావులే మార్గమైనవని నా ఊహ. అక్కడినుండి కట్టివేయుటకు 'టై అప్', చింపివేయుటకు 'టేర్ అప్' వచ్చినవి. కట్టుటయు చింపుటయు పరస్పరవిరుద్ధములైనను, పని కొసముట్టినదను అంశము రెంటికిని సమానమే. 'కట్' అన్నచో ఒక్క గాటైనను చాలును. 'కట్ అప్' అన్నచో వస్తువంతయు ముక్కలు కావలయును.

ఈ పూర్తియర్థమునకు తిరుగులేని పరీక్ష యొకటి కలదు. ఒకడు గంటసేపు రొట్టె తినెనని చెప్పుటకు 'ఈట్' చాలును. గంటసేపు 'ఈట్ అప్' చేసెననిన ఆంగ్లేయుని చెవికి ఎబ్బెట్టుగా నుండును. గంటలో 'ఈట్ అప్' చేసెననవలెను. ఇదే పరీక్షను మన భాషకు పెట్టి చూడుడు: 'గంటసేపు తినెను' అందుము, 'గంటలో తినివేసెను' అందుము, 'గంటసేపు తినివేసెను' అని యెవరును అనరు. ఆంగ్లేయుడు అవ్యయముచేత సాధించినదానిని తెలుగువాడు 'వేయు' అను సహాయక్రియచేత సాధించుచున్నాడు. తాగివేయుట, చింపివేయుట, కట్టివేయుట — వీనియందు దేనిని విసరివేయుటయు లేదు. 'వేయు' తన మొదటి అర్థమును విడిచి, పని ముగిసినదని ముద్రవేయుచున్నది. తెలుగు పిల్లవానికి ఈ సూక్ష్మము తల్లి యొడిలోనే అబ్బినది. దానిని పాఠశాలలో మరల పట్టికగా వల్లింపజేయుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

'ఔట్' విషయమున మరియొక చిక్కు కలదు. 'స్టార్స్ ఆర్ ఔట్' అన్నచో నక్షత్రములు కనబడుచున్నవి. 'లైట్స్ ఆర్ ఔట్' అన్నచో దీపములు ఆరిపోయినవి. ఒకే పదము వెలుగునకును చీకటికిని ఎట్లు సరిపడినది? నక్షత్రము మరుగునుండి మన చూపులోనికి వెలువడినది. దీపము వెలుగుచున్న స్థితినుండి తొలగిపోయినది. వెలుపలికి పోవుట రెంటను కలదు. ఏ హద్దును దాటినదనుటయే భేదము.

అన్నియు ఇట్లు లొంగునని నేననను. వేగము తగ్గుటకు 'స్లో డౌన్' అనియు 'స్లో అప్' అనియు ఆంగ్లేయులు అందురు. ఈ రెంటికిని నడుమ గట్టి భేదమును నేను చూపజాలను. అయితే ఇల్లు 'బర్న్ డౌన్' అగుననియు, కాగితము 'బర్న్ అప్' అగుననియు అనుటలో, కూలుటకును మిగులక పోవుటకును గల భేదము చక్కగా కనిపించును. క్రొత్తగా వచ్చిన 'లాగ్ ఇన్', 'లాగ్ ఔట్' అను మాటలయందు లోపలికి, వెలుపలికి అను అర్థములను తెలుపుచున్నవి అవ్యయములే. కాబట్టి ఆంగ్లమువరకు గార్గ్యుని పక్షమే బలవత్తరమని నా నిర్ణయము.

ఆంగ్లాంధ్ర నిఘంటువులను కూర్చు పెద్దలకు నాదొక మనవి. 'అప్', 'ఔట్', 'ఆఫ్', 'ఆన్' అను పదములకు 'పైకి', 'వెలుపల' అని ఒక్కొక్క మాట వ్రాసి ముగింపక, వాని అర్థపరిణామమును తెలుపు ఆరోపములను వేరుగా వ్రాసి, 'ఈట్ అప్' ఎదుట 'తినివేయు' అని యుంచి, ఆ 'వేయు'ను పెద్ద యక్షరములతో ముద్రింపుడు.