స్థలాలు పంచిన సంఘాలు, ఇళ్లు నిలిపిన సంఘాలు

మన దేశంలో సహకారోద్యమం రైతు అప్పుతో మొదలైంది. 1904 చట్టం పరపతి సంఘాలకే చోటిచ్చింది. 1912లో కొత్త చట్టం వచ్చాకే తక్కిన అవసరాలకూ సంఘాలు పెట్టుకునే వీలు కలిగింది. ఆ తర్వాత మూడేళ్లకు, 1915లో, బొంబాయి గామ్‌దేవిలో సారస్వత్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. శ్రీపాద్ సుబ్రావ్ తల్మాకీ దాని వెనక నిలిచారు. నెలజీతం మీద బతికే కుటుంబాలకు ఆ నగరంలో ఇల్లు కొనుక్కోవడం కలలో మాట. అందుకే వాళ్లు ఎవరి ఇల్లు వాళ్లు కొనుక్కునే ప్రయత్నం మానేసి, భవనాలన్నిటికీ సంఘాన్నే యజమానిగా నిలబెట్టారు. సభ్యుడికి దక్కింది వాటా, ఆ వాటాను బట్టి నివాస హక్కు. ఈ ఒక్క ఏర్పాటులోనే గృహ సహకారం ప్రాణం ఉందని నా అభిప్రాయం. ఆస్తి సంఘం చేతిలో ఉన్నచోట సహకారం బతికింది. ఆస్తిని సభ్యులకు పంచేసినచోట సంఘానికి పేరొక్కటే మిగిలింది. తెలుగు నగరాలు నడిచింది ఈ రెండో దారినే.

బొంబాయి దారిలో రోజువారీ నిర్వహణ ఎలా ఉంటుందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ ఫ్లాట్ అమ్మినవాడు షేర్ సర్టిఫికెట్ కూడా బదిలీ చేయాలి, కాబట్టి కొన్నవాడు సంఘానికి కొత్తవాడుగా ఉండిపోడు. ఏటా సెప్టెంబరు 30లోగా సర్వసభ్య సమావేశం జరిపి లెక్కలు ముందు పెట్టాలి. నమూనా ఉపవిధుల ప్రకారం ప్రతి ఫ్లాట్ నిర్మాణ వ్యయంలో ఏడాదికి కనీసం 0.25 శాతం సింకింగ్ ఫండ్‌కు, 0.75 శాతం మరమ్మతుల నిధికి చేరాలి. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత పిల్లర్లు తుప్పు పట్టినప్పుడు అక్కరకొచ్చేది ఆ చిన్న మొత్తమే. బకాయి పెట్టిన సభ్యుడి నుంచి భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయించుకునే వెసులుబాటూ సంఘానికి ఉంది. అక్కడా అంతా సాఫీగా సాగలేదు. భూమిని సంఘానికి రాసివ్వాలని 1963 నాటి ఫ్లాట్ల చట్టం బిల్డర్లకు చెప్పింది, చాలామంది రాసివ్వలేదు. చివరికి 2008లో ఆ చట్టాన్ని సవరించి, బిల్డర్ ముందుకు రాకపోయినా సంఘానికి హక్కు దక్కే దారి తెరవవలసి వచ్చింది. భూమి కోసం అంత పోరాడారంటే, అది లేకపోతే సంఘానికి బలం లేదని వాళ్లకు తెలుసు.

హైదరాబాదులో పరిస్థితి వేరు. ఊరి చుట్టూ రాళ్లగుట్టలూ బీడు భూములూ ఉన్నాయి. ఉద్యోగికి కావలసింది సొంత గోడల మధ్య సొంత ఇల్లు. 1964 సహకార సంఘాల చట్టం కింద నడిచిన గృహనిర్మాణ సంఘాల్లో చాలావాటి పని భూమి సంపాదించడం, లేఅవుట్ వేయడం, గజాల లెక్కన స్థలాలు రిజిస్టరు చేసివ్వడం. జూబిలీహిల్స్ అలా వెలిసిందే. ప్రతి ఊళ్లోనూ కనిపించే బ్యాంక్ కాలనీలు, ఎన్జీఓస్ కాలనీల్లో ఎన్నో ఈ పద్ధతిలో లేచినవే. వేలాది మధ్యతరగతి కుటుంబాలకు గూడు దొరికిందంటే అది ఈ సంఘాల పుణ్యమే; దాన్ని తక్కువ చేయకూడదు. కానీ ఆఖరి స్థలం రిజిస్టరైన రోజుతో సంఘానికి పనైపోయింది. పార్కు ఎవరిది, సామాజిక స్థలం ఎవరిది అన్న ప్రశ్నలు మిగిలాయి, జవాబు చెప్పవలసిన సర్వసభ్య సమావేశం మాత్రం పలచబడింది. పైగా సంఘమంటే స్థలం ఇప్పించేది అన్న అర్థమే స్థిరపడింది. ఆ అర్థం ఎక్కడిదాకా పోయిందో 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపిస్తుంది. హైదరాబాదులో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల సంఘాలకు చేసిన భూకేటాయింపులను కోర్టు కొట్టేసింది. ఇల్లు లేనివాడి కోసం పుట్టిన ఆలోచన, పలుకుబడి ఉన్నవాళ్లకు చౌకగా భూమి అందించే మార్గంగా మారిపోయింది.

అపార్టుమెంట్లు వచ్చాక ఈ లోటు ప్రతి మెట్టు మీదా కనిపించసాగింది. 1987 అపార్టుమెంట్ల చట్టం పద్ధతిలో ఫ్లాట్ కొన్నవారికి భూమిలో విడదీయని వాటా దక్కుతుంది. అసోసియేషన్‌కు లిఫ్టు, బోరు, వాచ్‌మన్, డ్రైనేజీల బాధ్యత దక్కుతుంది. బాధ్యత ఒకచోట, ఆస్తి మరొకచోట. సొసైటీల చట్టం కింద నమోదైన అసోసియేషన్‌కు మెయింటెనెన్స్ ఎగ్గొట్టినవారి ముందు బతిమాలడమో సివిల్ కోర్టుకెక్కడమో తప్ప గట్టి దారి లేదు. 2016 రెరా చట్టంలోని 17వ సెక్షన్ ఉమ్మడి ప్రదేశాల హక్కును అసోసియేషన్ పేర బదిలీ చేయమంటోంది. వందేళ్ల కిందట గామ్‌దేవిలో వేసిన అడుగు వైపే చట్టం మళ్లీ తిరిగిందన్నమాట.

సంఘానికి ఇంత అధికారమిస్తే అది పెత్తనంగా మారదా అన్న అభ్యంతరం బలమైనదే. సారస్వత్ సంఘం పేరులోనే కులం ఉంది. పార్సీలకే సభ్యత్వమన్న అహమ్మదాబాదు జొరాస్ట్రియన్ సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు నిలబెట్టింది కూడా. నా దృష్టిలో ఆ నియమం సహకారానికే కళంకం. అయితే జబ్బు ఎక్కడుందో చూడాలి. ఎవరిని చేర్చుకోవాలన్న హద్దులో ఉంది గానీ, భవనాన్ని ఉమ్మడిగా ఉంచుకోవడంలో లేదు. హద్దును చట్టంతో చెరిపేయవచ్చు. చేజారిన ఉమ్మడి ఆస్తిని తిరిగి కూడగట్టడం దాదాపు అసాధ్యం. రిజిస్ట్రార్ జోక్యం, రాజకీయాల భయంతో సహకార చట్టానికి దూరంగా ఉన్నామనేవారికీ సమాధానం ఉంది. ప్రభుత్వ పెత్తనం తగ్గించడానికే 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. అలాంటి చట్టం దేశంలో అదే మొదటిది. మన ఇంట్లో పుట్టిన చట్టాన్ని మన అపార్టుమెంట్లే సరిగా వాడుకోలేదు.

1980ల్లో కట్టిన భవనాలకు ఇప్పుడు నలభై ఏళ్లు. వాటిలో ఉంటున్నవాళ్లు వచ్చే సర్వసభ్య సమావేశంలో పెయింటు, పార్కింగుల కంటే ముందు రెండు విషయాలు అడగాలి: ఉమ్మడి స్థలం పత్రాలు ఎవరి పేరున ఉన్నాయి, మరమ్మతుల నిధిలో ఎంత ఉంది?